రామ్ గోపాల్ వర్మ గారికి: ఈసారి దెయ్యానికి ఒక ఊరు ఇవ్వండి



మీరు ఒక సినిమా నిర్మించాలని అడగడానికి ఈ ఉత్తరం. దర్శకత్వం మాత్రం మీరు చేయొద్దు. ఒక చిన్న ఊరు, ఒక రాత్రి, నాలుగు దెయ్యం కథలు, నలుగురు కొత్త దర్శకులు. అన్నీ కలిపి ఒక పెద్ద సినిమా ప్రీ రిలీజ్ ఫంక్షన్‌కి అయ్యేపాటి ఖర్చు. మీకు నేరుగా రాయకుండా నలుగురిలో పెట్టడం ఎందుకంటే, ఇలాంటి కథ వినగానే "హీరో ఎవరు?" అని అడిగేవాళ్ళు కూడా దీన్ని చదవాలి.

మిమ్మల్నే అడగడానికి కారణాలున్నాయి. 1992లో 'రాత్రి' వచ్చినప్పుడు తెలుగు ప్రేక్షకుడికి తెలిసిన దెయ్యం తెల్లచీర కట్టుకుని, జుట్టు విరబోసుకుని, పాట పాడుకుంటూ తిరిగేది. మీరు ఆ చీర తీసేశారు. రేవతి మొహం, నడుస్తూ ఉండే కెమెరా, మణిశర్మ నేపథ్య సంగీతం, ఖాళీగా ఉన్న చోట్లు. అంతే. మేకప్ డబ్బా కంటే మైకు ఎక్కువ భయపెట్టగలదని అప్పుడు తెలిసింది. 1996లో 'దెయ్యం', 2003లో పాటలు లేని 'భూత్'. అదే ఏడాది మీ నిర్మాణంలో ప్రవాల్ రామన్ తీసిన 'డర్నా మనా హై'. ఒక టికెట్టు మీద ఆరు కథలు చూపించిన ఆ సినిమాలో, యాపిల్ పండ్లు తిన్నవాళ్ళు యాపిల్ పండ్లయిపోయే కథ ఇరవయ్యేళ్ళు దాటినా నాకు గుర్తుంది. పండ్లబండి దగ్గర రేటు మరీ తక్కువ చెబితే ఇప్పటికీ అనుమానంగా చూస్తాను. కథల సంపుటి లాంటి భయం సినిమాను దేశంలో పెద్ద ఎత్తున ప్రయత్నించిన నిర్మాత మీరే. అది మీకు కొత్త కాదు.

కొత్తగా కావాల్సింది చోటు. మీ దెయ్యాలు ఎక్కడెక్కడ కాపురం చేశాయో ఒకసారి చూసుకోండి. 'దెయ్యం'లో ఊరవతలి ఫామ్‌హౌస్. 'భూత్'లో ముంబయి ఫ్లాట్. 'డర్నా మనా హై'లో కారు చెడిపోయిన కుర్రకారు కబుర్లు చెప్పుకునే అడవి. 2014లో 'ఐస్‌క్రీమ్'కి వచ్చేసరికి ఒక ఇల్లు, ఇద్దరు మనుషులు. ఖర్చు బాగా తగ్గించారు, దాంతోపాటు లోకాన్ని కూడా తగ్గించేశారు. అన్నిట్లోనూ మనిషి ఒంటరివాడు. పిలిస్తే పలికే దిక్కు లేనప్పుడు పుట్టే భయం అది. సిటీ భయం.

మా తుని లాంటి ఊళ్ళలో భయం వేరు. ఇక్కడ పిలవకుండానే పదిమంది పలుకుతారు. ఫలానా మేడలో ఉరేసుకున్న కోడలు ఎవరి కోడలో, పోలీసులకు ఎవరు చెప్పి మాఫీ చేయించారో, పోయినామె నగలు ఎవరి మెడలో ఉన్నాయో అందరికీ తెలుసు. నోరెత్తేవాళ్ళు మాత్రం ఉండరు, ఎందుకంటే రేపు పొద్దున ఆ ఇంటి పెళ్ళిలో భోజనానికి కూర్చోవాలి. కేసు పెట్టలేని మాటను దెయ్యం పేరు పెట్టి చెప్పుకుంటారు. "ఆ మేడలో రాత్రిళ్ళు గాజుల చప్పుడు వినిపిస్తుందట" అంటే, ఆ గాజులెవరివో మాకు తెలుసు అని అర్థం. కొత్తగా వచ్చిన అద్దెవాళ్ళకి అది దెయ్యం కథ. పాతవాళ్ళకి అది సాక్ష్యం.

అందుకే ఒక్క కథ చాలదు. ఊరన్నాక మర్రిచెట్టుకొకటి, రైలుగేటుకొకటి, మూతబడిన సినిమా హాలుకొకటి, గవర్నమెంటు ఆసుపత్రి వెనకాల పోస్టుమార్టం గదికొకటి ఉంటాయి. ఒక కథలో పక్కన కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడ్డవాడు ఇంకో కథలో దోషి. రెండున్నర గంటల పెద్ద కథలో ఇది కుదరదు, చిన్న కథల దండలో కుదురుతుంది.

ఆ దండ అల్లడం మనకు ఎవరో నేర్పాల్సిన పని కాదు. చెట్టు మీద వేలాడే శవాన్ని భుజాన వేసుకుని రాజు నడుస్తుంటే, శవంలోని బేతాళుడు కథ చెప్పి, చివర ప్రశ్న వేసి, తెలిసీ జవాబు చెప్పకపోతే నీ తల వెయ్యి చెక్కలవుతుందంటాడు. పదకొండో శతాబ్దంలో సోమదేవుడి కథాసరిత్సాగరంలో ఉన్న పాతిక కథలు అవి. 'చందమామ' ఆ చట్రాన్ని పట్టుకుని దశాబ్దాల పాటు నెలనెలా కొత్త బేతాళ కథ వేసింది. శంకర్ వేసిన ఆ బొమ్మ, భుజాన శవం, చేతిలో కత్తి, తెలుగిళ్ళలో చూడని పిల్లలు లేరు. హారర్ ఆంథాలజీ అని ఇప్పుడు పేరు పెట్టి పిలుస్తున్నదాన్ని మనం అన్నం తింటూ చదువుకున్నాం. ఆ కథల చివర నీతి ఉండదు, చిక్కుప్రశ్న ఉంటుంది. మీ సినిమాలో నాలుగు కథలూ అలాగే ముగియాలని నా కోరిక.

2018లో ఒక విచిత్రం జరిగింది. ఆగస్టు 31న హిందీలో 'స్త్రీ' విడుదలైంది. సరిగ్గా వారానికి, సెప్టెంబరు 7న, తెలుగులో 'కేరాఫ్ కంచరపాలెం' వచ్చింది. నేను అడుగుతున్న సినిమా ఆ వారం రెండు ముక్కలుగా రెండు భాషల్లో వచ్చిందని నా లెక్క.

'స్త్రీ' సంగతి మీకు తెలిసిందే. మధ్యప్రదేశ్‌లోని చందేరీ అనే చిన్న ఊళ్ళో గోడల మీద రేపు రమ్మని రాసి దెయ్యాన్ని వాయిదా వేసే కథ. పెద్ద హీరో లేకుండా వంద కోట్లు దాటింది. రాసినవాళ్ళు రాజ్ నిడిమోరు, కృష్ణ డీకే. తిరుపతిలో ఇంజనీరింగ్ చదువుకున్న మనవాళ్ళే. కన్నడంలో "నాళే బా" అని రాసుకున్నట్టే మన తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న రోజులున్నాయి. సుద్దముక్కతో కొందరు, బొగ్గుతో కొందరు, పెళ్ళికి మిగిలిన రంగుతో ఇంకొందరు. ఆ అక్షరాల్లో తప్పులుండేవి. కొన్ని తలుపుల మీద 'స్త్రీ'కి వత్తు ఉండేది కాదు. చదువురాని దెయ్యమైతే ఏం చేయాలని మా వీధి పెద్దాయన ఒకాయన అడిగేవాడు. రాత్రి మీ వాళ్ళ గొంతుతోనే పిలుస్తుంది, ఒక్క పిలుపుకి తలుపు తీయొద్దని పిల్లలకి చెప్పేవారు. పైసా ఖర్చు లేని భయం అది. తలుపు, సుద్దముక్క, అమ్మ గొంతు. ఆ భయాన్ని చందేరీ దాకా పంపించి, హిందీలో ఆడాక, మనం మళ్ళీ టికెట్టు కొనుక్కుని చూశాం. అసూయతో అంటున్నానని మీరు అనుకుంటే నిజమే.

ఇక కంచరపాలెం. వెంకటేష్ మహా విశాఖపట్నంలోని ఆ పేటలో, ఎక్కువమంది ఎప్పుడూ కెమెరా ముందు నిలబడని స్థానికులతో, నాలుగు ప్రేమకథలు చెప్పి, చివరికి నాలుగూ ఒకే మనిషి జీవితమని తేల్చాడు. ప్రేమ బదులు భయం పెడితే ఆ పద్ధతి ఎంత బాగా పనిచేస్తుందో ఆలోచించండి. స్టార్ ఉన్న దెయ్యం సినిమాలో ప్రేక్షకుడికి ముందే ఒక బీమా పాలసీ ఇచ్చేస్తాం, హీరో చావడని. కూరగాయల కొట్టు ఆయన, అంగన్‌వాడీ టీచరు తెర మీద ఉంటే ఆ బీమా లేదు. ఎవరైనా పోవచ్చు. ఎంత డబ్బు పెట్టినా ఆ అనుమానాన్ని కొనలేం.

నాలుగు కథల్లో మూడింటికి నా దగ్గర విత్తనాలున్నాయి. హక్కులేమీ అడగను, వాడుకోండి.

మొదటిది రైలుగేటు. పాత పద్ధతి గేట్లలో గేట్‌మన్‌కీ స్టేషన్ మాస్టరుకీ మధ్య ఫోను ఉంటుంది. బండి వస్తోందని స్టేషన్ నుంచి చెబుతారు. గేటు వేశాక గేట్‌మన్ ఒక ప్రైవేటు నంబరు చెబుతాడు. రెండు వైపులా రిజిస్టర్లలో ఆ నంబరు, టైము రాసుకుంటారు. గేటు నిజంగా పడిందనడానికి అదే రుజువు. ఇప్పుడు అర్ధరాత్రి పన్నెండున్నర. ఫోను మోగింది. బండి వస్తోందన్నారు. గేట్‌మన్ గేటు వేసి, నంబరు ఇచ్చి, రిజిస్టరులో రాసి, పచ్చలైటు పట్టుకుని నిలబడ్డాడు. బండి రాలేదు. స్టేషన్‌కి ఫోను చేస్తే అసలు మేము పిలవలేదన్నారు. గేటు తీద్దామని వెళ్ళేసరికి, అటు పక్క రోడ్డు మీద మోపెడ్ ఆపుకుని ఒకాయన ఓపిగ్గా నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచో నిలబడ్డట్టున్నాడు. రిజిస్టరులో వెనక పేజీలు తిప్పితే, ఆరేళ్ళ కింద అదే తారీఖున, అదే టైముకి, అదే నంబరు. ఆ పేజీలో చేతిరాత కూడా తనదే. ఆ రాత్రి గేటు వేయకుండానే నంబరు ఇచ్చాడా, లేదా? ఈ కథకి గేటుగది, ఫోను, రిజిస్టరు, పచ్చలైటు చాలు. బండిని చూపించాల్సిన అవసరం కూడా లేదు, చప్పుడు ఉంటే చాలు.

రెండోది చీటీలు. చిన్న ఊరిని నడిపేది బ్యాంకులు కాదని మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక వరండా, ఇరవైమంది ఆడవాళ్ళు, ఒక నోటుపుస్తకం. చీటీలు నడిపే ఆవిడ పోయింది. డబ్బులు ఎటు పోయాయో ఎవరికీ తెలియదు, కనీసం తెలియదనే అందరూ అంటారు. ఆవిడ పోయిన నెల తర్వాత, మిగిలినవాళ్ళు మర్యాదకోసం పాట పెడతారు. అయిదు వేలు తగ్గించి ఒకామె పాడుతుంది, ఆరు వేలని ఇంకొకామె. ఏడు వేలని ఎవరు పాడారో ఎవరికీ అర్థం కాదు. అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటారు. పుస్తకం రాసే అమ్మాయి మాత్రం తలెత్తకుండా ఏడు వేలని రాసేస్తుంది, పక్కన పేరు కూడా. ఈ కథలో భయపడాల్సింది గొంతుకి కాదు, ఆ అమ్మాయికి.

మూడోది మీ కాలం వాళ్ళకి బాగా తెలిసినది, రీలుబాక్సు. ఒక్క ప్రింటుతో రెండు ఊళ్ళలో ఆట నడిపిన రోజులు. ఇక్కడ రెండు రీళ్ళు అయిపోగానే బాక్సు కట్టి మోపెడ్ మీద పక్క ఊరికి పంపేవారు. బాక్సు ఆలస్యమైతే హాల్లో ఈలలు, కుర్చీల విరుపులు. ఆపరేటర్ క్యాబిన్‌లో కార్బన్ కడ్డీల వేడికి చొక్కా విప్పేసి, కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తూ ఉండేవాడు. బాక్సు రావాల్సిన టైముకంటే ముందే వచ్చిందనుకోండి. తెచ్చిన కుర్రాడు పలకలేదు, దింపి వెళ్ళిపోయాడు. రీలు ఎక్కిస్తే, ఆ సినిమాలో లేని సీను. మన ఊరి రోడ్డు, మలుపు, లారీ లైట్లు. ఇంకా జరగని యాక్సిడెంటు. కింద జనం అది సినిమాయే అనుకుని చప్పట్లు కొడుతున్నారు. ఆపరేటర్ ఇప్పుడు ఆట ఆపి రోడ్డు మీదకి పరిగెత్తాలా, ఓనరు తిడతాడని ఆట నడిపించాలా? అమీర్‌పేటలో వీడియో షాపు నడిపి, అక్కణ్ణుంచి సినిమాల్లోకి వెళ్ళిన మనిషి మీరు. ఈ కథ మీ చేతుల్లోంచి వేరేవాళ్ళకి ఇవ్వబుద్ధి కాకపోతే, దర్శకత్వం వద్దన్న నా షరతు ఇదొక్కదానికి సడలిస్తాను.

నాలుగోది ఖాళీగా వదిలేస్తున్నాను. అది ఆ ఊరి కుర్రాళ్ళే చెప్పాలి. యూట్యూబ్‌లో షార్ట్ ఫిల్ములు తీసేవాళ్ళు ప్రతి మండలంలోనూ ఉన్నారిప్పుడు.

వీటిని కలిపే మనిషి కావాలి. నా ఓటు లైన్‌మన్‌కి. గాలివానకి కరెంటు పోయిన రాత్రి, ఫ్యూజు వేయడానికి, తెగిన తీగ వెతకడానికి గేటు దగ్గరికీ, చీటీలావిడ వరండాకీ, సినిమా హాలుకీ వేళకాని వేళ వెళ్ళగలిగేది అతనొక్కడే. ఎవరింటికి వెళ్ళినా "ఎంతసేపట్లో వస్తుంది?" అనే అడుగుతారు, నువ్వెవరని అడగరు. బేతాళ కథలో రాజు మోసేది శవాన్ని. ఇతని భుజాన నిచ్చెన ఉంటుంది. ఇక చప్పుళ్ళ సంగతి మీకు చెప్పేంతవాణ్ణి కాను. ఫ్యాను ఆగాక రెక్కలు కొట్టుకునే ఆ నాలుగు క్షణాలు, ట్రాన్స్‌ఫార్మర్ మూలుగు ఆగిపోయాక వినపడే కప్పలు, దూరంగా గూడ్సుబండి, గుడి మైకులో కరెంటు రాగానే సగంలోంచి మొదలయ్యే పాట. వీటిని అక్కడికక్కడే రికార్డు చేయించండి, స్టాక్ సౌండ్లు వాడితే ఊరు పోతుంది.

షూటింగ్ గురించి భయం లేదు. 2011లో 'దొంగల ముఠా'ని అయిదు రోజుల్లో, కెనాన్ 5డి కెమెరాలతో, పిడికెడు మందితో ముగించింది మీరే. అప్పటికంటే ఇప్పుడు తక్కువ వెలుతురులో కెమెరాలు ఎంతో బాగా చూస్తున్నాయి. ఒక్కో కథకి వారం ఇవ్వండి. మిగిలిన డబ్బు రాతకి పెట్టండి. మీ ఇటీవలి చిన్న సినిమాల్లో నాకు కనిపించిన కొరత కెమెరాది కాదు, కాగితానిది. ఇది కటువుగా ఉంటే ఉండనివ్వండి, 'రాత్రి' చూసినవాడికి ఆ మాత్రం చనువు ఉంటుంది.

రెండు విషయాల్లో మాత్రం పట్టుబడతాను.

మొదటిది ఫ్లాష్‌బ్యాక్. 2013లో 'ప్రేమకథా చిత్రమ్' ఆడిన దగ్గర్నుంచి మన దెయ్యాలు చాలాకాలం కమెడియన్లకి అసిస్టెంట్లుగా బతికాయి. నవ్వు తప్పనను, ఊళ్ళో దెయ్యం కథ చెప్పేవాళ్ళంతా నవ్విస్తూనే చెబుతారు. కానీ సెకండాఫ్‌లో ఫ్లాష్‌బ్యాక్ వచ్చి, అన్యాయమైపోయిన ఆడదాని కథ చెప్పి, ఆమె చేత విలన్‌ని చంపించి, దీపం వెలిగించి పంపించేయడం అలవాటైపోయింది. అరగంట కథలో ఫ్లాష్‌బ్యాక్‌కి చోటే ఉండదు. ఈ రూపంలో నాకు బాగా నచ్చేది అదే. ఎందుకు, ఎలా అన్నది సగమే తెలుస్తుంది, ఊళ్ళో అన్నీ సగమే తెలిసినట్టు.

రెండోది మంత్రగాళ్ళు. 'తులసిదళం' నవల రోజుల నుంచీ చేతబడి మనకు గొప్ప కథావస్తువు. 'మా ఊరి పొలిమేర' 2021లో ఓటీటీలో మొదలై, రెండో భాగం థియేటర్లకు ఎక్కిందంటే ఆ ఆకర్షణ ఎంతటిదో తెలుస్తోంది. కానీ చిల్లంగి పెట్టిందని, బాణామతి చేశాడని ముసలివాళ్ళని కొట్టి చంపిన వార్తలు జిల్లా పేజీల్లో ఇప్పటికీ వస్తున్నాయి. చచ్చిపోయిన మనిషి తిరిగొచ్చే కథ ఎవరినీ చంపదు. బతికున్న పొరుగావిడ మంత్రాలు చేస్తుందని నిరూపించే కథ చంపగలదు. దేవుణ్ణి నమ్మనని ఎన్నోసార్లు చెప్పిన మీకు ఈ తేడా ఇంకొకళ్ళకంటే తేలిగ్గా అర్థమవుతుంది. మీ సినిమాలో దెయ్యాలు ఎన్నయినా ఉండొచ్చు, మంత్రగత్తె ఒక్కతె కూడా ఉండకూడదు.

ఊరి పేరు దగ్గర నాకే తర్జనభర్జన ఉంది. 'విరూపాక్ష'కి రుద్రవనం అని ఊరినే కల్పించుకున్నారు, అది వాళ్ళకి సరిపోయింది. మీకు అసలు ఊరే కావాలి. అయితే 1999లో 'బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' వచ్చాక ఏమైందో చూడండి. మేరీలాండ్‌లోని బర్కిట్స్‌విల్ అనే బుల్లి ఊళ్ళో జనం మాటలతో సినిమా మొదలుపెట్టి, అక్కడ మంత్రగత్తె ఉండేదని ఒక పుక్కిటి పురాణం అల్లారు. నిజమని నమ్మినవాళ్ళు కార్లేసుకుని ఆ ఊరి మీద పడ్డారు, ఊరి పేరు రాసిన బోర్డులు ఊడదీసుకుపోయారు. అందుకని ఊరి పేరు ఉంచండి, ఇళ్ళు మార్చేయండి. నిజంగా ఉరిపడ్డ ఇంట్లో షూటింగ్ పెట్టొద్దు, ఎంత తక్కువ అద్దెకి ఇస్తామన్నా. ఆ ఇంటివాళ్ళు ఇంకా ఆ వీధిలోనే కూరగాయలు కొంటున్నారు.

పోతే, మొదటి ఆట ఆ ఊళ్ళోనే వేయాలి. హైదరాబాదు ప్రసాద్స్‌లో తర్వాత వేసుకోవచ్చు. హాలు కల్యాణమండపం అయిపోయి ఉంటే సంత జరిగే మైదానంలో తెర కట్టించండి. నటించినవాళ్ళంతా ఆ జనంలోనే ఉంటారు కాబట్టి భయపడే చోట పగలబడి నవ్వుతారు, దానికి మీరు సిద్ధపడి రావాలి. చీటీల కథ అప్పుడు మాత్రం ఆడవాళ్ళ వైపు ఎవరూ నవ్వకపోతే, ఆ కథ పాసైనట్టు లెక్క.

ముందు ఒకసారి రండి. తుని మెయిన్ లైను మీదే ఉంది, బండ్లకి కొదవ లేదు. రైలుగేటులో పనిచేసి రిటైరైన ఒకాయన దగ్గరికి మిమ్మల్ని తీసుకెళతాను. కథ చెప్పే ముందు ఆయన ఒక్కటే అడుగుతాడు, ఫోనులో రికార్డు చేస్తున్నారా అని. చేయడం లేదని చెప్పి, నిజంగానే చేయకండి.

ఇట్లు,
తుని నుంచి మీ పాత ప్రేక్షకుడు